బొబ్బర్‌కు వైరింగ్ కిట్ కుదించడం: పాతది కత్తిరించాలా, కొత్తది కట్టాలా?

బొబ్బర్_బిల్డ్:

బండి 1980ల నాటి జపాన్ 400 సీసీ ట్విన్ (రెండు సిలిండర్లది), అక్కర్లేనివన్నీ తీసేసి బొబ్బర్‌గా మారుస్తున్నాం. సైడ్ ప్యానెళ్లు, ఎయిర్‌బాక్సు, మీటర్ల గుత్తి అన్నీ తీసేశాం. సింగిల్ సీటు, దాని కింద బ్యాటరీకి అరచేతి వెడల్పు జాగా. కిక్ లేదు, సెల్ఫ్ ఒక్కటే. స్టేటర్ (ఇంజిన్‌లో కరెంటు పుట్టించే చుట్టలు) నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి, ఇగ్నిషన్ టీసీఐ (బ్యాటరీ కరెంటుతో నడిచే ట్రాన్సిస్టర్ రకం). ఉండాల్సినవి హెడ్‌లైటు, టెయిల్, బ్రేక్ లైటు, నాలుగు ఇండికేటర్లు, హారన్, చిన్న స్పీడోమీటరు, న్యూట్రల్ లైటు. అంతే.

పాత కిట్టు బల్ల మీద పరిస్తే సగం వైర్లకు ఇప్పుడు పనే లేదు. ఇందులోంచి అక్కర్లేనివి పీకేస్తే సరిపోతుందా, మొత్తం కొత్తగా కట్టాలా? ఫ్యూజులెన్ని, వైరు ఏ సైజు? ఎం-యూనిట్ లాంటి ఎలక్ట్రానిక్ కంట్రోల్ బాక్సు పెట్టాల్సిందేనా? లిథియం బ్యాటరీ పెట్టొచ్చా?

పాతకప్లర్:

పీకేస్తే సరిపోతుంది, పద్ధతిగా పీకితే. ఏదీ కోయకముందే ప్రతి కప్లర్‌కూ (వైర్లను కలిపే ప్లగ్గు) టేపు ముక్క అంటించి పేరు రాయండి, ఫొటోలు తీయండి. తర్వాత కిట్టు మీద టేపు ఈ చివర నుంచి ఆ చివర దాకా విప్పేయాలి. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు. బయటికి కనిపించే చివర కోసి వదిలేస్తే, లోపలి జాయింట్ దగ్గర నుంచి ఆ ముక్క లైవ్‌లోనే ఉంటుంది. ఎప్పుడో ఫ్రేమ్‌కు రాసుకుని ఫ్యూజు ఎగరగొడుతుంది.

ఎర్త్ వైర్లతో ఇంకా జాగ్రత్త. కిట్టు మధ్యలో నాలుగైదు ఎర్త్‌లు ఒకే క్రింపులో (నొక్కి బిగించిన జాయింట్) కలిసి ఉంటాయి. మీటర్లకు పోయే ఎర్త్ వైరే కదా అని కోస్తే, హెడ్‌లైటు ఎర్త్ కూడా దాంతోనే పోవచ్చు. కోసే ముందు ఆ వైరు ఎక్కడెక్కడ తగులుతోందో మల్టీమీటరు పెట్టి చూడండి.

రాగితీగ:

పద్ధతి మంచిదే. కానీ నలభై ఏళ్ల కిట్టు మీద అంత శ్రమ పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. హెడ్‌లైటు వైపు ఒకటి, బ్యాటరీ వైపు ఒకటి, రెండు వైర్ల తొడుగు సెంటీమీటరు ఒలిచి చూడండి. రాగి మెరుస్తుంటే కత్తిరించుకోండి. నల్లగా ఉంటే ఆ వైరుకు సోల్డర్ అంటదు, క్రింపు పట్టదు, రెసిస్టెన్స్ ఎక్కడికక్కడ పెరిగి ఉంటుంది. ఇక దాన్ని నమ్ముకోవద్దు. పాత కప్లర్ హౌసింగులు, స్విచ్ల వైపు రంగుల వరస మాత్రం ఉంచుకుని మిగతాది కొత్తగా కట్టండి.

కొత్తగా కట్టడం వింటే భయమేస్తుంది గానీ మీ జాబితాకు కావాల్సినవి ఐదు సర్క్యూట్లే: ఛార్జింగ్, సెల్ఫ్, ఇగ్నిషన్, లైట్లు, సిగ్నళ్లు. ఒక్కోదాన్నీ ఒక్కో కాగితం మీద గీయండి. అన్నీ ఒకే బొమ్మలో గీస్తే అదే మళ్లీ పాత కిట్టు అవుతుంది.

సెల్ఫ్: బ్యాటరీ ప్లస్ నుంచి 16 చదరపు మి.మీ. కేబుల్ సెల్ఫ్ రిలేకి (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్), అక్కడి నుంచి మోటారుకి. అదే మందం కేబుల్ బ్యాటరీ మైనస్ నుంచి ఇంజిన్ కేస్‌కి. ఫ్రేమ్‌కి కాదు, ఇంజిన్‌కి. ఫ్రేమ్‌కి 4 చదరపు మి.మీ. వైరు వేరేగా ఇవ్వండి.

మెయిన్: సెల్ఫ్ రిలే మీద బ్యాటరీ వైపు స్టడ్ నుంచి 20 ఆంప్ ఫ్యూజు, తర్వాత 2.5 చదరపు మి.మీ. ఎర్రవైరు కీ స్విచ్‌కి. కీ దాటాక మూడు ఫ్యూజులు. ఇగ్నిషన్‌కు 10, హెడ్‌లైటు టెయిల్ కలిపి 10, హారన్ బ్రేక్ ఇండికేటర్లకు 7.5.

వైరు సైజు: హెడ్‌లైటు, హారన్, కాయిల్‌కు 1 చదరపు మి.మీ. ఇండికేటర్లు, టెయిల్, న్యూట్రల్ లైటుకు 0.5 చాలు. సన్న తొడుగు ఆటోమోటివ్ వైరు వాడితే 0.5 సైజు విడిగా 11 ఆంప్ దాకా, 1.0 సైజు 16.5 ఆంప్ దాకా మోస్తుంది. ఇళ్ల వైరింగ్‌లో వాడే ఒంటితీగ వైరు మాత్రం వద్దు, కంపనానికి లోపలే విరిగిపోతుంది.

కిక్_ప్రియుడు:

ఇన్ని ఫ్యూజులెందుకు గురూ? చాపర్ బళ్లు ఒకే ఫ్యూజుతో తిరుగుతూనే ఉన్నాయిగా. బ్యాటరీ కూడా తీసేసి కెపాసిటర్ పెడితే సీటు కింద మొత్తం ఖాళీ.

రాగితీగ:

ఒకే ఫ్యూజుంటే హారన్ వైరు ఫ్రేమ్‌కు తగిలినా రాత్రిపూట హెడ్‌లైటు, ఇంజిన్ కలిసి ఆరిపోతాయి. ఫ్యూజు కాపాడేది వైరుని. అందుకే 0.5 వైరున్న దారిలో 20 ఫ్యూజు ఒక్కటే ఉంటే, వైరు కాలిపోయాక కూడా ఫ్యూజు చెక్కుచెదరకుండా ఉంటుంది.

మూడుపసుపు:

కెపాసిటర్ సంగతి. ఈ బండికి కిక్ లేదు, కాబట్టి ప్రశ్నే లేదు. ఈ థ్రెడ్ చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నా: కెపాసిటర్ హాయిగా పనిచేసేది, సీడీఐకి (ఇంకో రకం ఇగ్నిషన్) కరెంటిచ్చే సొంత సోర్స్ కాయిల్ ఉన్న కిక్ బళ్ల మీద. వాటికి స్పార్క్ బ్యాటరీ లేకుండానే వస్తుంది, కెపాసిటర్ లైట్లను నిలకడగా ఉంచుతుంది అంతే. టీసీఐకి కిక్ కొట్టిన ఆ అర తిప్పులోనే సరిపడా వోల్టేజీ తయారవ్వాలి, చాలా బళ్లలో అది కష్టం.

ఇక ఫీల్డ్ కాయిల్ ఆల్టర్నేటర్ ఉన్న బళ్లు, అంటే పాత హోండా సీబీ750, యమహా ఎక్స్ఎస్650 లాంటివాటిలో రోటర్‌లో అయస్కాంతమే ఉండదు. బ్యాటరీ కరెంటు ఇస్తేనే అది అయస్కాంతమవుతుంది. అక్కడ కెపాసిటర్ ఒక్కటే పెడితే కరెంటు పుట్టదు.

ఇప్పుడు అసలు బండికి. వైరింగ్ ముట్టుకునే ముందే స్టేటర్ చూసుకోండి. పసుపు వైర్ల కప్లర్ ఊడదీసి రెండేసి వైర్ల మధ్య ఓమ్స్ కొలవండి. మూడు జతలూ సమానంగా, మామూలుగా 0.2 నుంచి 1 ఓమ్ లోపు రావాలి. మీటరు ప్రోబులు రెండూ కలిపి పెట్టినప్పుడు చూపే విలువ అందులోంచి తీసేయండి. ఏ పసుపు వైరుకీ ఇంజిన్ కేస్‌కీ కంటిన్యూటీ (కరెంటు పోయే దారి) ఉండకూడదు. తర్వాత కప్లర్ ఊడి ఉండగానే ఇంజిన్ స్టార్ట్ చేసి 5000 ఆర్‌పీఎం దగ్గర ఏసీ వోల్టేజీ చూడండి. మూడు జతల్లోనూ 50 వోల్టులకు పైగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. చేతులు తగలనివ్వకండి, ఆ వోల్టేజీ గట్టిగానే కొడుతుంది.

బొబ్బర్_బిల్డ్:

కొలిచాను. మూడు జతలూ 0.5 ఓమ్, ఎర్త్‌కు తగలడం లేదు. పాత కిట్టు ఇంకా వేరు చేయకముందు చూసిన ఏసీ 58, 59, 58. హెడ్‌లైటు, ఇండికేటర్లు, టెయిల్ అన్నీ ఎల్‌ఈడీ పెడుతున్నా. దాంతో స్టేటర్‌కీ రెగ్యులేటర్‌కీ భారం తగ్గుతుంది కాబట్టి రెగ్యులేటర్‌ని (ఛార్జింగ్ వోల్టేజీని అదుపులో ఉంచే డబ్బా) సీటు కింద ట్రేలో దాచేద్దామని.

మూడుపసుపు:

స్టేటర్ బాగుంది. ట్రే ఆలోచన మాత్రం మానుకోండి.

> దాంతో స్టేటర్‌కీ రెగ్యులేటర్‌కీ భారం తగ్గుతుంది

తగ్గదు. మీ బండి రెగ్యులేటర్ షంట్ రకం. బ్యాటరీ వోల్టేజీ 14.5 దగ్గరికి రాగానే అది స్టేటర్ ఫేజ్‌లను ఒకదానితో ఒకటి షార్ట్ చేస్తుంది. అంటే స్టేటర్ ఎప్పుడూ తన పూర్తి కరెంటు ఇస్తూనే ఉంటుంది. లైట్లు తాగినంత తాగుతాయి, మిగతాది రెగ్యులేటర్, స్టేటర్ చుట్టల మధ్యే తిరిగి వేడిగా మారుతుంది. 55 వాట్ల బల్బు తీసి 20 వాట్ల ఎల్‌ఈడీ పెడితే బల్బు ఖర్చుపెట్టే కరెంటు కూడా ఇప్పుడు రెగ్యులేటర్‌లోనే తిరుగుతుంది, దాని వేడి ఇంకాస్త పెరుగుతుంది. విప్పేసిన కస్టమ్ బళ్లలో రెగ్యులేటర్లు వరసగా పోవడానికి కారణం ఇదే: ఎల్‌ఈడీలన్నీ పెట్టి, రెగ్యులేటర్‌ను గాలి తగలని చోట దాస్తారు.

రెండు దారులున్నాయి. రెగ్యులేటర్‌ను గాలి తగిలే చోట, కనీసం 3 మి.మీ. అల్యూమినియం ప్లేటు మీద, మధ్యలో హీట్ పేస్టు రాసి బిగించండి. ఫ్రేమ్ ముందు డౌన్‌ట్యూబుల మధ్యో, స్వింగ్‌ఆర్మ్ ముందో. లేదా సిరీస్ రకం రెగ్యులేటర్ పెట్టండి, షిండెంగెన్ ఎస్‌హెచ్775 అలాంటిది. అది అక్కర్లేని కరెంటుకు దారి మూసేస్తుంది, స్టేటర్ నిజంగానే చల్లగా ఉంటుంది. ఎఫ్‌హెచ్020ఏఏ కూడా మంచిదే గానీ అది మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) వాడే షంట్. పాతవాటికంటే తను తక్కువ వేడెక్కుతుంది, స్టేటర్ మాత్రం ఎప్పటిలాగే మరుగుతుంది.

ఇంకోటి, రెగ్యులేటర్ ప్లస్ నేరుగా బ్యాటరీకి వెళ్లాలి, దాని సొంత 20 ఆంప్ ఫ్యూజుతో. పాత కిట్లలో అది మెయిన్ ఫ్యూజు దాటాక, కీ వైపు కలిసేది. ఇంజిన్ తిరుగుతుండగా ఆ ఫ్యూజు పోతే, కుదురుగా పట్టే బ్యాటరీ లేక వోల్టేజీ పైకి లేస్తుంది, టీసీఐ దాకా అన్నీ ఆ దెబ్బ తింటాయి. సొంత ఫ్యూజుంటే, పోయినా ఛార్జింగే ఆగుతుంది. మైనస్ కూడా ఫ్రేమ్‌ను నమ్ముకోకుండా 2.5 వైరుతో బ్యాటరీ మైనస్‌కే ఇవ్వండి.

నల్లవైరు:

ఫ్రేమ్‌కి పౌడర్ కోటింగ్ చేయించారా? అయితే ఎర్త్ గురించి కాస్త.

పౌడర్ కోటింగ్ ఇన్సులేటర్. బోల్టు బిగించగానే మరలలో ఎక్కడో తగులుతుంది, మీటరు కంటిన్యూటీ చూపిస్తుంది, మీరు సరే అనుకుంటారు. 5 ఆంప్‌లు లాగితే అప్పుడు బయటపడుతుంది: ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా సన్నగా కొట్టుకుంటుంది, హారన్ నొక్కితే హెడ్‌లైటు మసకబారుతుంది. కాబట్టి ఫ్రేమ్ మీద ఒకే చోట, సీటు కింద, కోటింగ్ లోహం తేలేదాకా గీకి, పళ్ల వాషరు వేసి, ఒక్క ఎం6 స్టడ్ పెట్టండి. ఇంజిన్, రెగ్యులేటర్‌వి తప్ప మిగతా ఎర్త్‌లన్నీ అక్కడికే రావాలి, అక్కడి నుంచి బ్యాటరీ మైనస్‌కి. బిగించాక గ్రీసు రాయండి. హెడ్‌లైటు ఎర్త్‌ను హెడ్‌స్టాక్ (హ్యాండిల్ తిరిగే చోటు) బేరింగుల మీదుగా రానివ్వకండి, దానికి సొంత వైరు ఇవ్వండి.

కనెక్షన్లు క్రింపు చేయండి. వైరును, తొడుగును వేర్వేరుగా పట్టే ఓపెన్ బ్యారెల్ టెర్మినళ్లు, రాచెట్ క్రింపర్. క్రింపు చేశాక టెర్మినల్ పట్టుకుని గట్టిగా లాగండి, ఊడితే ఇప్పుడే ఊడాలి. సోల్డర్ చేస్తే సోల్డర్ తీగల మధ్యకు పాకి కాస్త దూరం వైరును కడ్డీలా చేస్తుంది. కడ్డీ ఆగి మెత్తని వైరు మొదలయ్యే చోట, సరిగ్గా అక్కడే, కంపనానికి విరుగుతుంది. తప్పక సోల్డర్ చేయాల్సివస్తే లోపల జిగురున్న హీట్ ష్రింక్ ఆ గట్టి భాగం దాటి రెండు సెంటీమీటర్లు ఉండాలి.

కప్లర్లకు నీళ్లు చొరని రకాలు: డాయిష్ డీటీ పిన్నుకు 13 ఆంప్‌లు, సూపర్‌సీల్ 1.5 పిన్నుకు 14 ఆంప్‌లు. స్టేటర్ పసుపు వైర్లకు ఇవి చాలవు, అక్కడ ఇంకా పెద్ద పిన్నులు కావాలి. బండి కింద కాలిపోయిన కప్లర్ ఏదంటే పదిలో తొమ్మిదిసార్లు అదే.

బొబ్బర్_బిల్డ్:

సైడ్ స్టాండ్ స్విచ్ దీనికి మొదటినుంచీ లేదు. క్లచ్ స్విచ్, న్యూట్రల్ స్విచ్ ఉన్నాయి. పాత కిట్టులో ఈ రెండింటి మధ్య చిన్న నల్ల డబ్బా ఒకటి ఉంది. తీసేయొచ్చా?

పాతకప్లర్:

అది డయోడు (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) డబ్బా. తీసేసి అక్కడ 1ఎన్4007 ఒకటి పెట్టేయండి, అయిపోతుంది.

రాగితీగ:

డయోడు కావాలి, 4007 మాత్రం కాదు. అది 1 ఆంప్‌ది. సెల్ఫ్ రిలే కాయిల్ ఓమ్స్ కొలవండి. చాలా బళ్లలో 3 నుంచి 5 ఓమ్‌లు ఉంటుంది, అంటే బటన్ నొక్కినంతసేపూ 2.5 నుంచి 4 ఆంప్‌లు ఆ డయోడు గుండానే పోతాయి. 6ఏ10 వాడండి, 6 ఆంప్‌ది, కాళ్లు కూడా లావుగా ఉండి విరగవు.

అది ఎందుకుందంటే: సెల్ఫ్ రిలే మైనస్ రెండు దారుల్లో ఎర్త్ అవ్వొచ్చు, క్లచ్ పట్టినా, న్యూట్రల్‌లో ఉన్నా. న్యూట్రల్ లైటు కూడా న్యూట్రల్ స్విచ్ ద్వారానే ఎర్త్ అవుతుంది. మధ్యలో డయోడు లేకుండా కలిపేస్తే గేరులో క్లచ్ పట్టగానే న్యూట్రల్ లైటు వెలుగుతుంది. నమ్మి క్లచ్ వదిలితే బండి ముందుకు దూకుతుంది. డయోడు గీత ఉన్న కొన న్యూట్రల్ స్విచ్ వైపు, రెండో కొన రిలే వైపు. తిరగేసి పెడితే ఎలా తెలుస్తుందంటే, న్యూట్రల్‌లో సెల్ఫ్ తగలదు, క్లచ్ పడితేనే తగులుతుంది, క్లచ్ పట్టినప్పుడల్లా న్యూట్రల్ లైటు వెలుగుతుంది.

1ఎన్4007ల పని ఇంకోచోట ఉంది. స్పీడోమీటర్‌లో ఇండికేటర్‌కు ఒకే లైటు ఉంటే పాత పద్ధతిలో దాన్ని ఎడమ, కుడి వైర్ల మధ్య కడతారు. బల్బులున్నప్పుడు అది నడిచింది. ఎల్‌ఈడీలు పెడితే ఆ లైటు గుండా పోయే కాస్త కరెంటుకే నాలుగూ కలిసి కొట్టుకుంటాయి. ఎడమ నుంచి ఒక డయోడు, కుడి నుంచి ఒకటి, గీత కొనలు రెండూ కలిపి లైటు ప్లస్‌కు, లైటు మైనస్ ఎర్త్‌కు. ఫ్లాషర్ కూడా ఎర్త్ పిన్ను ఉన్న మూడు కాళ్ల ఎలక్ట్రానిక్ రకం కావాలి. పాత రెండు కాళ్లది బల్బుల లోడు లేకపోతే టపటపా కొడుతుంది, లేదంటే అసలు కొట్టదు.

సన్నబటన్:

ఎం-యూనిట్ సంగతి ఎవరూ చెప్పలేదు. మోటోగాడ్జెట్ ఎం-యూనిట్‌లో ఫ్యూజులు, ఫ్లాషర్, రిలేలు అన్నీ లోపలే. స్విచ్ నుంచి వచ్చే వైరు ఎర్త్ సిగ్నల్ మాత్రమే కాబట్టి 0.25 వైరు చాలు, హ్యాండిల్‌బార్ లోపల నుంచి హాయిగా తీసుకురావచ్చు. షార్ట్ అయితే ఆ ఒక్క ఔట్‌పుట్ ఆగిపోతుంది.

మెలిక ఒకటుంది. పాత స్విచ్లలో హెడ్‌లైటు, ఇండికేటర్లు ప్లస్‌ని తిప్పుతాయి, చాలా బళ్లలో హారన్ ఒక్కటే ఎర్త్‌ని తిప్పుతుంది. వాటిని అలాగే తగిలిస్తే పనిచేయదు. స్విచ్ విప్పి లోపల కామన్ ప్లస్‌ను ఎర్త్‌గా మార్చాలి, లేదా పుష్ బటన్లు పెట్టాలి.

బార్‌కు కన్నం వేసేటప్పుడు క్లాంపు అంచు దగ్గర వేయకండి, బార్ విరిగేది అక్కడే. గ్రిప్ లోపలి చివర, అడుగు వైపు వేసి, అంచులు నున్నగా రుద్ది రబ్బరు గ్రోమెట్ పెట్టండి.

రాగితీగ:

పుష్ బటన్లు కావాలంటే పెట్టుకోండి. పాత స్విచ్లే ఉంచుకునే మనిషికి అది దండగ. దార్లో ఫ్యూజు పోతే కొత్తది గుచ్చి వెళ్తాం, బాక్సు పోతే బండి తోసుకుంటూ వెళ్లాలి.

పంప్_మోగదు:

కొంచెం పక్కకు వెళ్తున్నా. ఇదే పని ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి మీద చేస్తే? కీ వేస్తే పంపు మోగట్లేదు.

రాగితీగ:

వాలుడు సెన్సర్‌ను ఎక్కడ బిగించారో చూడండి. కంపెనీ ఏ దిక్కున పెట్టిందో అదే దిక్కున ఉండాలి. పక్కకు తిప్పి సీటు కింద అంటిస్తే బండి పడిపోయిందనుకుని ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పంపు ఆపేస్తుంది. ఇంజెక్షన్ బండిలో ఈసీయూ వైపు కిట్టును కోయకండి, మడిచి దాచండి. క్రాంక్ సెన్సర్ జంట వైరు, ఈసీయూ ఎర్త్‌లు ముట్టుకోవద్దు. లైట్ల వైపు ఎంత కావాలంటే అంత కుదించండి. సైడ్ స్టాండ్ స్విచ్ ఉంటే ఉంచండి, స్టాండు వేసి ఉండగా ఎడమ మలుపులో నేలకు తగిలితే వెనక చక్రం లేస్తుంది.

నల్లవైరు:

కట్టేసి మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు: రెగ్యులేటర్ ఊడదీసి ఉంచండి. మెయిన్ ఫ్యూజు స్థానంలో 12 వోల్టుల 21 వాట్ల బల్బు పెట్టండి. ఎంత షార్టున్నా బల్బు 1.75 ఆంప్‌లకు మించి పోనివ్వదు, వైరు కాలదు. కీ ఆఫ్‌లో బల్బు వెలిగితే కీకి ముందే ఎక్కడో తగులుతోంది. కీ వేసి ఒక్కో స్విచ్ నొక్కండి. టెయిల్‌కు సన్నగా, హారన్‌కు ఇంకాస్త వెలగడం మామూలే. ఏ స్విచ్‌కి నిండుగా వెలిగి, ఆ లైటు మాత్రం అసలు వెలగదో అక్కడ వెతకండి. హ్యాండిల్ ఈ లాక్ నుంచి ఆ లాక్ దాకా తిప్పుతూ కూడా చూడండి, హెడ్‌స్టాక్ దగ్గర బిగుతు వైరు అప్పుడే దొరుకుతుంది.

ఇదంతా తేలేదాకా టేపు చుట్టకండి. అక్కడక్కడా ట్యాగులు చాలు. చివర్లో జిగురు లేని హార్నెస్ టేపు లేదా అల్లిక స్లీవు. జిగురు టేపు వేడికి కారి, తర్వాత వైరు వెతకాలంటే చేతులకు అంటుతూ విసిగిస్తుంది.

తర్వాత వోల్టేజీ డ్రాప్. హెడ్‌లైటు వేసి ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, ఇంకోటి హెడ్‌లైటు ప్లస్ పిన్ను మీద. 0.5 వోల్టులు దాటకూడదు. ఎర్త్ వైపు అలాగే కొలిస్తే 0.2 లోపు. 1 చదరపు మి.మీ. వైరు మీద 5 ఆంప్‌లకు మీటరు పొడవుకు 0.1 వోల్టు కూడా పోదు. అంతకంటే చాలా ఎక్కువ పోతుంటే తప్పు వైరుది కాదు, స్విచ్‌దో క్రింపుదో.

బొబ్బర్_బిల్డ్:

అన్నీ అయ్యాయి. పాత రెగ్యులేటర్‌నే ముందు డౌన్‌ట్యూబుల మధ్య పెట్టాను. లైట్లన్నీ వెలుగుతున్నాయి, డయోడు కూడా కరెక్టుగా పనిచేస్తోంది. కానీ 5000 దగ్గర బ్యాటరీ మీద 15.2 చూపిస్తోంది. రెగ్యులేటర్ పోయిందా? లిథియం బ్యాటరీ ఇంకా తగిలించలేదు, పాత ఏజీఎం (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ మీదే ఉంది.

మూడుపసుపు:

లిథియం తగిలించకండి. దానికి గరిష్ఠం 14.6, నడిచేటప్పుడు 14.4 దాటకపోతేనే మంచిది.

రెగ్యులేటర్ కొనే ముందు, దానికి మూడు పసుపు, ఎరుపు, పచ్చ కాకుండా సన్న వైరు ఇంకొకటి ఉందా? ఉంటే అది సెన్స్ వైరు. బ్యాటరీ వోల్టేజీని రెగ్యులేటర్ ఆ వైరు చివరే చూస్తుంది. మీరు దాన్ని కీ దాటాక లైట్ల ఫ్యూజు దగ్గర కలిపి ఉంటారు. కీ వేసి, లైట్లు వేసి, బ్యాటరీ ప్లస్‌కీ ఆ కలిపిన చోటుకీ మధ్య వోల్టులు చూడండి.

బొబ్బర్_బిల్డ్:

ఉంది, నల్లరంగు వైరు. లైట్ల ఫ్యూజు దగ్గరే కలిపాను. 0.8 వోల్టులు.

మూడుపసుపు:

దొరికింది. పాత కీ స్విచ్ కాంటాక్టుల్లో 0.8 పోతోంది. రెగ్యులేటర్‌కు 14.4 కనిపిస్తోంది, తన పని తను సరిగ్గానే చేస్తోంది, బ్యాటరీకి మాత్రం 15.2 వెళ్తోంది.

కీ స్విచ్ మీద లోడు తీసేయండి. నాలుగు కాళ్ల రిలే ఒకటి: 30 కాలు మెయిన్ ఫ్యూజు నుంచి 2.5 వైరుతో, 87 ఫ్యూజు బాక్సుకి, 86 కీ నుంచి, 85 ఎర్త్. ఇక కీ గుండా పోయేది రిలే కాయిల్ తాగే 150 మిల్లీ ఆంప్‌లు, అంతే. రిలే కాళ్లు కిందికి ఉండేలా బిగించండి, నీళ్లు నిలవవు. సెన్స్ వైరు 87 దగ్గర కలపండి. డ్రాప్ 0.1 లోపుకు రావాలి, బ్యాటరీ మీద 14.5 చుట్టూ ఆగాలి. ఇంకా 14.4 పైనే ఉంటే ఏజీఎంతోనే నడపండి, లేదా లిథియంకు సరిపోయే రెగ్యులేటర్ మార్చాక తగిలించండి.

సెన్స్ వైరును నేరుగా బ్యాటరీ ప్లస్‌కు కలిపేద్దామని ఎవరైనా చెప్తారు. వోల్టేజీ సరిగ్గా వస్తుంది గానీ, కీ తీసినా అది మిల్లీ ఆంప్‌లు లాగుతూనే ఉంటుంది, వారాలు నిలబెట్టిన బండి సెల్ఫ్ తిప్పదు. దాన్ని ఎక్కడా కలపకుండా వదిలేయడం ఇంకా ప్రమాదం: చాలా పాత షంట్ రెగ్యులేటర్లు సెన్స్ తెగితే అసలు కంట్రోల్ చేయవు. రిలే పెట్టాక కీ ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ తీసి, మధ్యలో మీటరు మిల్లీ ఆంప్ రేంజిలో పెట్టి చూడండి. ఈసీయూ, గడియారం లేని ఈ బండికి 1 మిల్లీ ఆంప్ కూడా ఉండకూడదు.